తేనెమైనం–నూనె పూత: ఎండకి కారుతుంది, చలికి తెల్లబడుతుంది. తప్పు యాడుంది?

కావలి తోలుపని #1
బెల్టులు, పర్సులు, ఎడ్ల మువ్వల పట్టెడలు చేస్తుండా. తోలంతా తుమ్మచెక్క, కరక్కాయతో పదును చేసిన వెజ్‌ట్యాన్, చెన్నై పెరియమేట నుంచి తెప్పిస్తా. పైపూత మాత్రం సొంతంగా కాస్తుండా. వీడియోల్లో అందరూ చెప్పే కొలతే: తేనెమైనం ఒక పాలు, కొబ్బరినూనె మూడు పాళ్ళు.

మూడు తంటాలు. ఎండాకాలంలో డబ్బీ పైన నూనె తేలుతుంది, బెల్టు పెట్టుకున్నోళ్ళ చొక్కాకి జిడ్డు మరక. డిసెంబరులో అదే బెల్టు మడతల దగ్గర తెల్లటి పొర వస్తుంది, తుడిస్తే పోయి వారంలో మళ్ళీ తయారు. ఇది బూజా, ఇంకోటా? మూడోది, ఇత్తడి రివిట్ల చుట్టూ పచ్చటి జిడ్డు. మైనం పెంచాలా, నూనె మార్చాలా?

ట్రంకురోడ్డు #2
కొబ్బరినూనె తలకి పెట్టుకో సామీ, బెల్టుకెందుకు.

కెమిస్ట్రీ మావ #3
#2 వెటకారమే గానీ సగం జవాబు అందులోనే ఉంది.

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన దగ్గర డిసెంబరు రాత్రి అంతకంటే కిందికి దిగుతుంది. తోలులోకి దిగిన నూనెలో గడ్డకట్టే కొవ్వులు మెల్లగా పైకొచ్చి సన్నటి తెల్ల పొరగా నిలబడతాయి. మడత దగ్గర తోలు వంగి లేస్తుంటుంది కాబట్టి అక్కడే ముందు కనబడుతుంది. ఎండలో దీనికి ఎదురు వ్యవహారం. నూనె పల్చబడి, మైనం పట్టు వదిలేసి బయటికి కారుతుంది. తేనెమైనం ఒక్కటే అయితే 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది. మూడు పాళ్ళ నూనె కలిపాక ఆ ముద్ద మెత్తబడటానికి అంత వేడి అక్కర్లేదు. మే నెలలో మూసిపెట్టిన కారు, రేకుల షెడ్డు చాలు.

ఆ వీడియోల కొలత చలిదేశాలది. అక్కడ ముద్ద గట్టిపడి వేలికి రాకపోవడమే వాళ్ళ బాధ, అందుకే నూనె ఎక్కువ పోస్తారు. మన బాధ దానికి తలకిందులు.

పొదిలి పద్మ #4
తెల్ల పొర బూజో కొవ్వో ఊహించొద్దు, పరీక్షించండి. హెయిర్ డ్రయ్యర్ అరచేయంత దూరంలో పట్టి అర నిమిషం వేడిగాలి కొట్టండి. పొర కరిగి తోలులో కలిసిపోయి మాయమైతే కొవ్వు. కదలకుండా పొడిగా అలాగే ఉండి, భూతద్దంలో దూది పోగుల్లా కనబడితే బూజు. మూడో రకం కూడా ఉంది, ఉప్పు. అది వేడికి కరగదు, తడిబట్టకి మాత్రం కరిగిపోతుంది. ఎడ్ల పట్టెడల మీద ఎక్కువగా వచ్చేది ఈ మూడోదే, చెమట వల్ల.

మూడింటికీ మందులు వేరు. కొవ్వు మీద బూజు మందు రాస్తే ఏమీ కాదు. బూజు మీద వేడిగాలి కొడితే గదంతా చల్లినట్టే.

సూళ్ళూరుపేట కౌంట్‌డౌన్ #5
కొబ్బరినూనెని అంత తీసిపారేయొద్దు. చౌక, ప్రతి కొట్లో దొరుకుతుంది. పైగా నువ్వులనూనె, పొద్దుతిరుగుడు నూనెలాగా ముక్క వాసన రాదు.

కెమిస్ట్రీ మావ #6
ముక్క వాసన మాట నిజం. దాంట్లో గాలితో కలిసి చెడే రకం కొవ్వులు తక్కువ. నువ్వులనూనె, పొద్దుతిరుగుడు, సోయా అంతకంటే అధ్వానం, నెలల్లో జిగురు తేలి కంపు కొడతాయి. కానీ చెడకపోవడం వేరు, కుదురుగా ఉండటం వేరు. కొబ్బరినూనె తోలులో కుదురుగా ఉండదు. ఎండకి ఓ చోట, చలికి ఓ చోట.

ఒంగోలుగిత్త #7
ఇంత చర్చ ఎందుకయ్యా, ఆముదం ఉండగా. కిర్రు చెప్పులకి తరతరాలుగా వాడుతోంది అదే గదా. చలికి గడ్డకట్టదు, ఎండకి నీళ్ళలా పల్చబడదు, ఎలకలు కూడా మూతి పెట్టవు.

పొదిలి పద్మ #8
ఆముదం మంచిదే, ఏ ఆముదం అన్నది ముఖ్యం. వంటాముదం వాడొద్దు. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి తీస్తారు కాబట్టి అందులో తడి, పిప్పి మిగిలి ఉంటాయి. మైనంలో కాస్తే చిటపటలాడుతుంది, డబ్బీ అడుగున నల్లటి మడ్డి దిగుతుంది, వానాకాలంలో ఆ మడ్డి దగ్గరే బూజు మొదలవుతుంది. మందుల షాపులో అమ్మే లేతరంగు ఆముదం తీసుకోండి. గానుగ ఆముదమైతే వారం కదలకుండా ఉంచి పై తేట వంచుకోండి.

ఇంకో సంగతి, ఆముదం చిక్కన. చల్లగా రాస్తే పైనే కూర్చుని దుమ్ము పట్టుకుంటుంది. గిన్నె వేడినీళ్ళలో పెట్టి, చేతికి గోరువెచ్చగా తగిలేలా చేసుకుని రాయాలి. మెరుపు రావడం కూడా ఆలస్యమే. చెప్పుకి పరవాలేదు, మెరవాల్సిన బెల్టుకి ఆముదం ఒక్కటే అంటే నేను ఒప్పుకోను.

గుండ్లకమ్మ గట్టు #9
ఆముదంలో లిక్విడ్ పారఫిన్ (ఖనిజ నూనె) కలిపి పల్చన చేద్దామని ఎవరూ ప్రయత్నించకండి. రెండూ కలవవు. కాచినప్పుడు కలిసినట్టే ఉంటుంది, చల్లారాక రెండు పొరలు. నీట్స్‌ఫుట్ పేరుతో అమ్మే 'కాంపౌండ్' సీసాల్లోనూ ఖనిజ నూనె ఉంటుంది, దానికీ ఇదే వర్తిస్తుంది.

ట్రంకురోడ్డు #10
నీట్స్‌ఫుట్ అంటే ఏంది? నీట్‌గా ఉండే పాదమా?

కెమిస్ట్రీ మావ #11
పశువుల కాలి ఎముకలు, గిట్టలు తీసేసిన పాదాలు ఉడకబెట్టి తీసే నూనె. పాత ఇంగ్లీషులో 'నీట్' అంటే పశువు. చలిలో నిలబెట్టి, గడ్డకట్టే భాగం వడకట్టి అమ్మే రకం బాగుంటుంది, తెల్ల పొర రాదు. తోలులోకి ఆముదం కంటే తొందరగా దిగుతుంది, రంగు కొంచెం ముదురుతుంది. సీసా మీద 'ప్యూర్' అని ఉందో లేదో చూసి కొనండి. కొనేవాళ్ళలో కొందరు ఇదేం నూనె అని అడుగుతారు, పద్ధతి పట్టింపులు ఉంటాయి. దాచకుండా చెప్పి, వద్దన్నవాళ్ళకి ఆముదం రకం ఇవ్వడం మంచిది.

ఒంగోలుగిత్త #12
ఎద్దు మెడ పట్టెడకి ఎద్దు కాళ్ళ నూనె. గిత్తకి తెలిస్తే బండ లాగదు, మనల్నే లాగుద్ది.

ఉదయగిరి గరిట #13
చెక్క సామానుకి నేను అవిసె నూనె వాడతా. రెండు పూతలు చాలు, గట్టిగా ఆరి నీళ్ళు అంటవు. తోలుకి కూడా అదే కొట్టొచ్చు గదా?

పొదిలి పద్మ #14
వద్దు. చెక్క వంగదు, బెల్టు రోజూ వంగుతుంది. అవిసె నూనె ఆరడం అంటే నీరు ఆరినట్టు కాదు. గాలి పీల్చుకుని ఒక పొరగా గట్టిపడుతుంది. ఆ పొర తోలు పోగుల మధ్య బిగుసుకుంటే ఏడాదిలో మడత దగ్గర పగుళ్ళు. పెయింటు షాపుల 'డబుల్ బాయిల్డ్' రకంలో తొందరగా ఆరడానికి లోహపు మందులు కూడా కలుపుతారు, అది ఇంకా తొందరగా పగలగొడుతుంది.

దీనికంటే పెద్ద సంగతి: అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండ చేసి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. నూనె గాలి పీల్చుకునేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోదు. అగ్గిపుల్ల అక్కర్లేదు. చెక్కకి వాడేవాళ్ళు గుడ్డలు ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరేయాలి, లేదా నీళ్ళ డబ్బాలో ముంచి పెట్టాలి.

ఉదయగిరి గరిట #15
గుడ్డల సంగతి తెలుసమ్మా, దండెం మీదే ఆరేస్తా. తోలుకి పగులుతుందని మాత్రం తెలీదు.

కావలి తోలుపని #16
సరే, కొబ్బరినూనె మానేశా. గ్రాముల్లో చెప్పండి.

కెమిస్ట్రీ మావ #17
అన్నీ తూకమే. గరిటెలతో, కప్పులతో కొలవొద్దు, మైనం ముక్కలు కప్పులో ఎన్ని పట్టాయో రోజుకో లెక్క వస్తుంది.

నీట్స్‌ఫుట్ రకం, 100 గ్రాములకి: తేనెమైనం 30, కార్నోబా మైనం 6, నూనె 64. ఆముదం రకం: తేనెమైనం 25, కార్నోబా 5, ఆముదం 70. ఆముదం తనే చిక్కన కాబట్టి మైనం తగ్గించా. మార్చి నుంచి జూన్ దాకా చేసే విడతకి తేనెమైనం 5 పెంచి నూనె 5 తగ్గించండి.

కార్నోబా అనేది బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం, పసుపు రేకులుగా దొరుకుతుంది. 82 నుంచి 86 డిగ్రీల దగ్గర గానీ కరగదు. మెరుపు, ఎండకి నిలకడ రెండూ దానివల్లే వస్తాయి. అలాగని పది శాతం దాటిస్తే పూత పెళుసు, మడతలో తెల్లగా చిట్లుతుంది.

కాచే పద్ధతి. పెద్ద గిన్నెలో నీళ్ళు, అడుగున మడతపెట్టిన గుడ్డ, దానిమీద చిన్న స్టీలు గిన్నె. నేరుగా మంట మీద పెట్టొద్దు. ముందు కార్నోబా ఒక్కటే వేసి నీళ్ళు మరగనివ్వండి. అది పూర్తిగా కరిగాక తేనెమైనం. అదీ కరిగాక నూనె, అదికూడా ముందే వెచ్చబెట్టింది. చల్లటి నూనె ఒక్కసారి పోస్తే కార్నోబా అక్కడికక్కడ గడ్డలు కట్టి అడుగున కూర్చుంటుంది. గడ్డ కడితే కంగారొద్దు, నీళ్ళు మరుగుతూనే ఉండనిచ్చి, ద్రవం అద్దంలా తేటపడేదాకా కలపండి.

పొదిలి పద్మ #18
దించేముందు స్టీలు చెంచా వెనక ఒక చుక్క వేసి రెండు నిమిషాలు ఆగి గోటితో గీయండి. అరిసెల పాకం చూసినట్టే. గోరు జారిపోయి జిడ్డు అంటితే మెత్తన, ఇంకో రెండు గ్రాముల మైనం. గోటి కింద పొడిలా రాలితే గట్టి, కొంచెం నూనె. చెక్కిన సబ్బులా ముక్క లేవాలి. డబ్బీల్లో పోశాక తెలుసుకుంటే అన్నీ మళ్ళీ కరిగించుకోవాలి.

100 గ్రాములకి విటమిన్ ఇ 400 క్యాప్సూల్ ఒకటి పిండండి, దించాక. నూనె ముక్కిపోవడం ఆలస్యమవుతుంది. బూజుని మాత్రం ఆపదు, ఆ రెండూ కలిపి చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు.

గుండ్లకమ్మ గట్టు #19
ఇండక్షన్ పొయ్యి ఉంటే అదే మేలు. పల్చటి పూత కోసం టర్పెంటైన్ కలిపేవాళ్ళు మరీ జాగ్రత్త. సుమారు 35 డిగ్రీలకే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే రకం, ఆ వేడికి మన మధ్యాహ్నపు ఎండ చాలు. ముద్ద పొయ్యి మీదనుంచి దింపి, మంట ఆర్పి, ఆరుబయటికి తెచ్చాకే కలపాలి. పొరపాటున మైనం అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, ఎగిరి మొహాన పడుతుంది. మూత పెట్టి ఊపిరాడకుండా చెయ్యండి. అందుకే కాచేముందే గిన్నెకి సరిపడే మూత పక్కన పెట్టుకోవాలి.

గూడూరు నిమ్మ #20
టర్పెంటైన్ బదులు నిమ్మతొక్క నూనె వేయొచ్చా? మా ఊళ్ళో తొక్కలకేం కొదవ.

కెమిస్ట్రీ మావ #21
మైనాన్ని కరిగిస్తుంది, వాసన బ్రహ్మాండం. కానీ తొక్క పిండితే వచ్చే రసం కాదు, బట్టీ పట్టిన నూనె కావాలి. గాలి తగిలి పాతబడితే చర్మానికి దురద పెట్టే పదార్థాలు తయారవుతాయి, కాబట్టి చిన్న సీసాలో, నిండా పోసి, నీడలో ఉంచాలి. అదీ అంటుకునే సరుకే. నిమ్మరసం మాత్రం తోలు దగ్గరికి రానీయకు, ఆమ్లం.

మార్కాపురం పలక #22
తేనెమైనం కొట్లో కొంటే కొవ్వొత్తి మైనం కలిపింది అంటగడుతున్నారు. నల్లమల వైపు నుంచి కొండతేనె తీసిన తుట్టెలు దొరుకుతాయి, వాటినే శుద్ధి చేసుకోవడం మేలు.

తుట్టెని ముందు చల్లటి నీళ్ళలో పూటంతా నానబెట్టి తేనె వదిలించాలి. తర్వాత మూడింతలు నీళ్ళు పోసి సన్నసెగ మీద కరిగించి, పాత పంచె గుడ్డలో వడకట్టి పిండాలి. ఆ గిన్నెని గుడ్డ చుట్టి రాత్రంతా కదలకుండా ఉంచితే మైనం పైన బిళ్ళగా పేరుకుంటుంది. బిళ్ళ అడుగున బూడిదరంగు మడ్డి ఉంటుంది, చాకుతో గీకేసి, మళ్ళీ ఒకసారి ఇదే పని. రెండో విడతకి పసుపుగా, శుభ్రంగా వస్తుంది.

రెండు తప్పులు అందరూ చేస్తారు. ఇనప మూకుడులో కాస్తారు, మైనం నల్లబడుతుంది. రాగి, ఇత్తడిలో కాస్తే పచ్చబడుతుంది. స్టీలే వాడాలి. రెండోది నీళ్ళు. మా పశ్చిమ ప్రకాశం బోరునీళ్ళు ఎంత కఠినమో తెలుసుగా. ఆ సున్నపు నీళ్ళతో కాస్తే మైనంలో కొంత సబ్బులా మారి, బిళ్ళ అడుగున మెత్తటి నురుగు పొర మిగులుతుంది. వాననీళ్ళు పట్టుకోండి, లేదా ఫిల్టరు నీళ్ళు.

ట్రంకురోడ్డు #23
తాగడానికే ఫిల్టరు నీళ్ళు లెక్కపెట్టుకుంటుంటే మైనానికా!

మార్కాపురం పలక #24
అందుకే వాననీళ్ళు అన్నా గదా. మీ నెల్లూరోళ్ళకి అల్పపీడనం వచ్చినప్పుడల్లా ఉచితం.

కావలి తోలుపని #25
కొవ్వొత్తి మైనం కలిసిందో లేదో ఎట్ట తెలిసేది?

మార్కాపురం పలక #26
చిటికెడు ముక్క వేళ్ళ మధ్య పిసుకు. అసలుది చేతి వేడికి మెత్తబడి ముద్దవుతుంది, ఒంటికి జిడ్డు అంటదు. కల్తీది జారుడుగా ఉంటుంది, పొరలు పొరలుగా చిట్లుతుంది. బిళ్ళ విరిచి చూస్తే అసలుదాని లోపల సన్న రవ్వలా మొద్దుగా ఉంటుంది, కల్తీది గాజులా నున్నగా. ఇది చేతివాటం పరీక్షే, కొద్దిపాటి కల్తీని పట్టలేదు.

కావలి తోలుపని #27
మూడు రోజులకి మళ్ళీ వచ్చా. నీట్స్‌ఫుట్ కొలతతో 200 గ్రాములు కాచా. చెంచా పరీక్షలో బాగుంది. డబ్బీలో చల్లారాక చూస్తే ఇసక కలిపినట్టు గరుకు. తోలు మీద రుద్దితే పలుకులు పలుకులుగా తగులుతుంది.

పొదిలి పద్మ #28
చల్లారబెట్టిన తీరులో ఉంది తప్పు. గిన్నెలోనే వదిలేసి, చిక్కబడ్డాక డబ్బీల్లోకి తోడారా?

కావలి తోలుపని #29
అవును. మరీ వేడిగా పోస్తే డబ్బీ వంగుతుందని.

పొదిలి పద్మ #30
మెల్లగా చల్లారితే కార్నోబా ముందుగా విడిపోయి పెద్ద పలుకులు కడుతుంది, తేనెమైనం తర్వాత గడ్డకడుతుంది. అదే మీ ఇసక. మొత్తం మళ్ళీ మరిగే నీళ్ళ మీద పెట్టి, తేటపడ్డాక ఇంకో అయిదు నిమిషాలు ఆ వేడిలోనే ఉంచి, ద్రవంగా ఉండగానే 75, 80 డిగ్రీల దగ్గర చిన్న రేకు డబ్బీల్లో పోసేయండి. 50 గ్రాముల డబ్బీ అయితే తొందరగా చల్లారుతుంది. డబ్బీల్ని చల్లటి నాపరాయి మీద పెట్టండి, ఫ్రిజ్‌లో వద్దు, మధ్యలో గుంటపడి పగులు వస్తుంది. మూత పూర్తిగా చల్లారాకే. వేడిమీద మూసేస్తే మూత లోపల చెమ్మ పట్టి అదే బూజుకి విత్తనం.

ప్లాస్టిక్ డబ్బీలైతే వంగుతాయి, రేకువి వంగవు.

సూళ్ళూరుపేట కౌంట్‌డౌన్ #31
రాయడం గురించి ఎవరూ చెప్పలేదు. డబ్బీ బాగుంటే చాలదు గదా.

కెమిస్ట్రీ మావ #32
ముందు తోలు తాగే రకమా కాదా చూడండి. ఒక నీటిచుక్క వేయండి. ఒక్క నిమిషంలో ఇంకి నల్లమచ్చ పడితే తాగుతుంది. ముత్యంలా నిలబడితే పైన రంగు పొర ఉంది, బజారు షూ, సోఫా తోళ్ళు చాలావరకు ఇదే. వాటికి ఈ పూత లోపలికి దిగదు, పైన జిడ్డుగా మిగులుతుంది, వృథా.

తాగే తోలుకి ముందు నూనె, తర్వాత మైనం ముద్ద. ఈ వరస తిప్పితే నూనె లోపలికి పోదు. నూనె పని పోగుల్ని ఒకదానిమీద ఒకటి జారనివ్వడం. మైనం పని పైన తలుపేయడం. తలుపేశాక నీళ్ళు పోస్తే ఇంట్లోకి రావు.

ఎంత? అంగుళంన్నర వెడల్పు, మూడున్నర మి.మీ. మందం ఉన్న బెల్టుకి మొదటి విడత 4, 5 మి.లీ. నూనె. గుడ్డకి అద్ది, గుండ్రంగా తిప్పుతూ, ఒక్కచోట ఆగకుండా. ఆగితే అక్కడ మచ్చ, మళ్ళీ పోదు. 24 గంటలు వదిలేయండి. మొత్తం నూనె తోలు బరువులో అయిదారు శాతం దాటితే బెల్టు తడి తువ్వాలలా వేలాడుతుంది, చొక్కాకి మరక కూడా దీనివల్లే.

మర్నాడు ముద్ద. రెండు గ్రాములు చాలు, పలచగా. ఇరవై నిమిషాలు ఆగి పాత బనియన్ గుడ్డతో గట్టిగా రుద్దితే మెరుపు. ఒక మందపాటి పూత కంటే రెండు పల్చటివి ఎప్పుడూ మెరుగు. మందంగా రాసిందాన్ని ఎంత రుద్దినా వేలిముద్రలు పడుతూనే ఉంటాయి.

గుండ్లకమ్మ గట్టు #33
దీనికి ఒకటి కలుపుతా. కరిగిన మైనంలో తోలు ముంచే పద్ధతి చూసి మోజుపడేవాళ్ళు, తోలు ఎండిందో లేదో చూసుకోండి. తడి వెజ్‌ట్యాన్ తోలు 70, 80 డిగ్రీల మధ్య ముడుచుకుపోతుంది. అప్పడం నూనెలో వేసినట్టే, గట్టిపడి వంకర తిరిగి మళ్ళీ సాగదు. వానాకాలంలో పైకి ఎండినట్టున్నా లోపల చెమ్మ ఉంటుంది.

ట్రంకురోడ్డు #34
తోలుబొమ్మలకి కూడా ఇదే పూతా?

పొదిలి పద్మ #35
కాదు. అది పదును చేయని పచ్చితోలు, వెలుతురు దూరాలి. ఈ తిప్పలేమీ దానికి అక్కర్లేదు.

ఒంగోలుగిత్త #36
నల్లరంగు పట్టెడ సంగతి చెప్పండి. మందుల రంగు చెమటకి దిగి గిత్త మెడ నల్లబడుతోంది. ఒంగోలు జాతి ఎద్దు తెల్లటిది గదా, మరక దూరానికే కనిపిస్తుంది.

మార్కాపురం పలక #37
కాళహస్తి కలంకారీలో నల్లగీతకి వాడే కసిం వాడు. తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో పులియబెట్టింది. అక్కడ బట్టకి కరక్కాయ పట్టిస్తారు, దానిమీద కసిం పడగానే నలుపు. మన తోలులో ఆ వగరు ముందే ఉంది. పల్చగా రెండుసార్లు పూయి. ఇది పైన పట్టిన రంగు కాదు, తోలులోనే పుట్టిన నలుపు, అంటదు.

పూశాక బాగా కడగాలి. లీటరు నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో తుడిచి, నీడన రెండు రోజులు ఆరబెట్టాకే నూనె. పులుపు, ఇనుము తోలులో మిగిలిపోతే కొన్నేళ్ళకి తోలు పొడి రాలుతుంది. ఈ పని తోలుని ఎండబెడుతుంది కాబట్టి నల్లపట్టెడకి నూనె మామూలు దానికంటే కొంచెం ఎక్కువే.

కావలి తోలుపని #38
పట్టెడల దగ్గరే నా మూడో ప్రశ్న. మువ్వల కింద, రివిట్ల చుట్టూ పచ్చ జిడ్డు.

కెమిస్ట్రీ మావ #39
ఇత్తడిలో రాగి ఉంది. నూనెలో, తేనెమైనంలో కూడా విడి ఆమ్లాలు ఉంటాయి. రెండూ కలిసి రాగి సబ్బు తయారవుతుంది, అదే ఆ పచ్చది. ముక్కిన నూనె అయితే ఇంకా ఎక్కువ. ఎద్దు చెమట ఉప్పు దానికి తోడు.

చీపురుపుల్లతో గీకి, పొడిగుడ్డతో తుడవండి. ఇనప మొనతో గీకితే ఇత్తడికి గీతలు పడి ఆ గీతల్లో మళ్ళీ చేరుతుంది. ఇకమీదట రివిట్లు కొట్టకముందే తోలుకి నూనె, ముద్ద రెండూ పట్టించి, రుద్ది, ఆరాక మువ్వలు బిగించండి. బిగించాక రాస్తే రివిటు అంచు కింద ముద్ద పేరుకుపోతుంది. వచ్చేది అక్కడే.

ఒంగోలుగిత్త #40
ఇంకోటి. పట్టెడ లోపలి వైపు, మెడకి తగిలే వైపు, మైనం రాయొద్దు. చెమట పీల్చే దారి ఉండాలి, లేకపోతే మెడ ఒరుసుకుని పుండు పడుద్ది. లోపలికి ఆముదం ఒక్కటే, పల్చగా. టర్పెంటైన్ వాసన ఉన్నదేదీ పశువు ఒంటికి తగలనీయొద్దు. పందెం అయ్యాక తడిగుడ్డతో ఉప్పు తుడిచి నీడన వేలాడదీయాలి, ఎండలో కాదు.

ఉదయగిరి గరిట #41
అవిసె నూనె దగ్గర ఓడిపోయా గానీ అంచుల దగ్గర నన్ను కాదనలేరు. బెల్టు అంచు కొంచెం తడిచేసి, మా ఊరి చెక్క గరిట పిడితో వేగంగా రుద్దండి. పిడి గుండ్రంగా, నున్నగా ఉంటుంది కాబట్టి పోగులు పడుకుంటాయి. మెరుపొచ్చాక ఉత్త తేనెమైనం ముక్క అంచుమీద గీసి మళ్ళీ రుద్దితే ఆ వేడికే కరిగి పట్టేస్తుంది.

పొదిలి పద్మ #42
గరిట పిడి మంచి ఉపాయం. ముందు 400 గరుకు కాగితం, తర్వాత 800, ఆ తర్వాతే తడి. తడి అంటే వేలితో అద్దినంత. ఎక్కువైతే అంచు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. తుమ్మజిగురు రాసేవాళ్ళున్నారు, మన గాలిలో చెమ్మకి అది మళ్ళీ జిగురై చేతికంటుతుంది. నూనె ముద్ద అంచుకి వద్దు, ఉత్త మైనమే.

గూడూరు నిమ్మ #43
నవంబరు బూజుకి మందు చెప్పండి. తుపాను ముసురు నాలుగు రోజులు పడితే మా బెల్టులకి గడ్డాలు మొలుస్తాయి.

పొదిలి పద్మ #44
పచారీ కొట్లో వాముపువ్వు అడగండి, తెల్లటి స్ఫటికాలు. అసలు పేరు థైమాల్. 100 గ్రాముల ముద్దకి పావు గ్రాము, ముద్ద దించి 70 డిగ్రీలకి వచ్చాక వేసి కలపాలి. మరుగుతుండగా వేస్తే ఆవిరైపోతుంది, కళ్ళు మండుతాయి. ఎక్కువ వేస్తే చర్మం మండుతుంది కాబట్టి చేతి గడియారం పట్టీలకి వేయొద్దు. కర్పూరం వాసన నాలుగు రోజుల ముచ్చటే, ఎగిరిపోతుంది.

పట్టిన బూజుని ఇంటి బయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొడి బ్రష్‌తో దులిపి, 70 శాతం ఐసోప్రొపైల్ స్పిరిట్ గుడ్డకి అద్ది తుడవండి. ముందు లోపలివైపు ఓ మూల చూసుకోండి, కొన్ని రంగులు దిగుతాయి. ఆరాక కొంచెం నూనె.

అక్టోబరు తర్వాత నూనె ఒక విడత తగ్గించండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టొద్దు, పాత నూలుగుడ్డ సంచి చాలు.

కావలి తోలుపని #45
మళ్ళీ కరిగించి, వేడిగా పోసి, నాపరాయి మీద పెట్టా. ఇసక పోయింది. తెల్ల పొర బెల్టుకి వేడిగాలి పరీక్ష చేశా, కరిగిపోయింది, కొవ్వే. రెండో పరీక్షగా డబ్బీని మిట్టమధ్యాహ్నం రేకుల కింద మూడు గంటలు ఉంచా. నూనె తేలలేదు, వేలితో నొక్కితే గుంట పడింది. 100 గ్రాములకి కార్నోబా ఇంకో 6 గ్రాములు పెంచేదా?

కెమిస్ట్రీ మావ #46
పెంచొద్దు. 12 అయితే బెల్టు మడతలో చిట్లుతుంది, #17 చూడు. గుంట పడటం తప్పు కాదు, నూనె విడిపోకపోతే చాలు. కావాలంటే వేసవి కొలత వాడు, తేనెమైనం 35.

ట్రంకురోడ్డు #47
డబ్బీని రేకుల కిందనుంచి తియ్యి అబ్బయ్యా ముందు. అక్కడ మూడు గంటలుంటే నాకూ గుంటలు పడతాయి.